వైద్య విజ్ఞాన తపస్వి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్షా ఫలితాలు వెలువడిన నాడు కొన్ని ఇళ్లలో పండుగ, కొన్ని ఇళ్లలో మౌనం. ఉత్తీర్ణులైన వారి పేర్లు నలుగురి నోటా వినబడతాయి. తప్పిన బాలుడు మాత్రం పెరటి గుమ్మం నుండి ఇంట్లోకి వస్తాడు. వాడి భవిష్యత్తు ఆనాటితో ముగిసిందని తల్లిదండ్రులు బెంగటిల్లుతారు. ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయులు కూడా ఆశ వదులుకొంటారు. అటువంటి ఇళ్లలో చెప్పుకొనదగిన కథ ఒకటి ఉన్నది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవ పర్యాయం గట్టెక్కిన ఒక తెలుగు బాలుని కథ అది. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై ప్రపంచ వైద్యరంగాన్ని మలుపు తిప్పిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

బెంగళూరులోని కిద్వాయి స్మారక క్యాన్సర్ సంస్థకు కర్ణాటక జిల్లాల నుండే కాక, అనంతపురం, చిత్తూరు వంటి తెలుగు ప్రాంతాల నుండి కూడా రోగులు వస్తుంటారు. వారిలో లుకేమియా అనే రక్తపు క్యాన్సర్ సోకిన పసివారూ ఉంటారు. ఆ వ్యాధికి వాడే ముఖ్యమైన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ మందు పుట్టిన పరిశోధనాలయానికి సారథ్యం వహించినవాడు గోదావరి గడ్డ మీద పుట్టిన తెలుగువాడని ఆ పిల్లల తల్లిదండ్రులలో ఎందరికి తెలుసు? మందు సీసా మీద ఆయన పేరు లేదు. పేరు కోసం పాటుపడడం ఆయన స్వభావమూ కాదు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి అనారోగ్య కారణంగా గడువుకు ముందే ఉద్యోగ విరమణ చేయవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. ఇంటి పరిస్థితి చూసిన ఆ బాలునికి చదువు మీద కంటే సంపాదన మీదికి మనసు పోయింది. పదమూడేళ్ల ప్రాయంలో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలన్న తలంపుతో ఇల్లు విడిచి బయలుదేరాడు. పెద్దలు వెనుకకు తీసుకువచ్చి మళ్లీ బడిలో వేశారు.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరిట వెలసిన పాఠశాలలో కొంతకాలం చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. తల్లి వెంకమ్మ ధైర్యం కోల్పోలేదు. తన నగలు అమ్మి కుమారుని మద్రాసు పంపింది. తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో ఆయన ఉత్తీర్ణులయ్యారు. ఆ తల్లి ఆనాడు రెండవ ఓటమితోనే చాలునని ఊరుకొని ఉంటే తరువాతి కథే లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో సుబ్బారావు మనసు సన్యాసం వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరాలని ఆశించారు. మఠంలోని పెద్దలు వైద్యం చదివి ప్రజాసేవ చేయమని హితవు చెప్పారు. ఆ మాట ఆయన హృదయానికి హత్తుకొన్నది. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరితో ఆయన వివాహం జరిగింది. వైద్య విద్యకు మామగారి ఆర్థిక సహాయం ఆలంబనమైంది.

అవి గాంధీజీ పిలుపుతో దేశమంతా కదలిన రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతిలో సైతం ఖద్దరు దుస్తులే ధరించారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి అది కంటగింపు అయింది. తత్ఫలితంగా చదువు పూర్తయిన పిదప ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి యత్నించి విఫలులయ్యారు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకులుగా చేరారు.

గ్రహణి మిగిల్చిన గాయం

సుబ్బారావు జీవిత గమనాన్ని నిర్ణయించిన సంఘటన పాఠశాలలోనో కళాశాలలోనో కాక, స్వగృహంలోనే జరిగింది. ఆయన సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలియైపోయారు. తిన్న ఆహారం ఒంటికి పట్టక, ఎడతెగని విరేచనాలతో, నాలుక పూసి, రక్తం క్షీణించి, మనిషి నానాటికి కృశించిపోయే జబ్బు అది. ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దానికి మందు లేదు. వైద్యం చదివి కూడా తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన నిస్సహాయత ఆయనను దహించివేసింది. కొంతకాలానికి అదే వ్యాధి ఆయననూ పట్టుకొన్నది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. ఈ జబ్బుకు మూలమేమిటి, మందేమిటి అన్న ప్రశ్న మాత్రం ఆయనను విడువలేదు.

ఆ ప్రశ్నే ఆయనను సముద్రాలు దాటించింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వాగ్దానం చేసిన సహాయం, మామగారు సమకూర్చిన ధనం ఆధారంగా 1920వ దశకపు తొలి సంవత్సరాలలో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. త్వరలో తిరిగి వస్తాననే భార్యకు చెప్పి బయలుదేరారు. తిరిగి రాలేదు. ఆయన వెళ్లిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. శేషగిరమ్మ ఎదురుచూపులోనే యౌవనం గడిచిపోయింది. విజ్ఞాన చరిత్ర ఆమె త్యాగాన్ని ఎక్కడా లెక్క కట్టలేదు. సుబ్బారావు సాధించిన విజయాలను తలచుకొనేటప్పుడు ఆ ఇల్లాలినీ తలచుకొనడం న్యాయం.

హార్వర్డులో

బోస్టన్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందారు గాని, భారతీయ పట్టాతో అక్కడ వైద్యవృత్తికి అవకాశం లేకపోయింది. పొట్టపోసుకొనడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేశారు. పగలు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వద్ద పరిశోధన సాగించారు. రక్తంలోను, మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని కొలవడానికి వారిద్దరు రూపొందించిన పద్ధతి 1925లో వెలువడింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన పాఠ్యగ్రంథాలకెక్కింది.

కొలిచే సాధనం చేతికి రాగానే కొత్త ద్వారాలు తెరుచుకొన్నాయి. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వారు వెలికితీశారు. ఎ.టి.పి.ని దాదాపు అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుగొన్నారు. మనం నడిచినా, మాట్లాడినా, ఆలోచించినా కణాలలో ఖర్చయ్యే శక్తిని అందించేది ఎ.టి.పి. అని ఈనాడు ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం చదువుకొంటున్నాడు. ఆ పాఠం వెనుక ఒక తెలుగువాని చేయి ఉన్నదన్న సంగతి పాఠంలో కనబడదు.

1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టం లభించింది. ఆపైన కాలేయ సారంలో రక్తహీనతను పోగొట్టే పదార్థమేదో తెలుసుకొనే ప్రయత్నంలో దశాబ్దం గడిచింది. హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయంలో చేరి, అచిరకాలంలోనే పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు.

ఇచ్చి ఒక వ్యాధిని, ఆపి మరొక వ్యాధిని

ఇంతకు పూర్వమే ఒక ఆంగ్ల వైద్యురాలు, లూసీ విల్స్, బొంబాయిలో వస్త్ర మిల్లు కార్మిక స్త్రీలకు గర్భవతులుగా ఉన్నప్పుడు వచ్చే తీవ్ర రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారంతో ఆ రక్తహీనత నయమవుతున్నదని 1930 ప్రాంతంలో కనుగొన్నది. ఆ సారంలోని గుణకారి ఏదో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర ఆకుల నుండి ఇటువంటి పదార్థాన్నే వేరుచేసిన శాస్త్రజ్ఞులు దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని శుద్ధ రూపంలో రాబట్టి, నిర్మాణం తెలుసుకొని, ప్రయోగశాలలో తయారు చేసిన ఘనత సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందానిది. 1945లో ఆ విజయం లోకానికి వెల్లడైంది.

మరుసటి సంవత్సరానికల్లా వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్ని ఉష్ణమండల గ్రహణి రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పూత తగ్గింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. ఇరవై ఏళ్ల పైచిలుకు క్రితం తోబుట్టువులను బలిగొన్న జబ్బుకు మందు దొరికింది. ఇక్కడితో కథ ముగిసినా సుబ్బారావు జీవితం ధన్యమే. కాని కథ ఇక్కడే కొత్త మలుపు తిరిగింది.

ఫోలిక్ ఆమ్లం చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలేముందు తన జన్యు పదార్థమైన డి.ఎన్.ఎ.కు నకలు తయారు చేసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముడి సరుకును కూర్చడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఎముకల మూలుగలోని కణాలు, పేగుల లోపొర కణాలు నిత్యం చీలుతూ ఉంటాయి. కనుకనే ఫోలిక్ ఆమ్లం కొరవడినప్పుడు రక్తహీనత, నాలుక పూత, అజీర్తి కలుగుతాయి. లుకేమియాలో జరిగేది ఇందుకు భిన్నం. అక్కడ తెల్ల రక్తకణాలు హద్దు లేకుండా చీలిపోతూ మూలుగనంతా ఆక్రమిస్తాయి. మంచి రక్తకణాలకు చోటు లేక రోగి పాలిపోతాడు. జ్వరాలు, రక్తస్రావాలు మొదలవుతాయి. ఆ రోజులలో లుకేమియా సోకిన బిడ్డ కొద్ది వారాలో కొద్ది నెలలో మాత్రమే బతికేది.

బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లెడర్లీ నుండి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గకపోగా ముదిరినట్లు గమనించారు. వేరొకరైతే ఆ దారి మూసుకుపోయిందని వదిలివేసేవారు. ఫోలిక్ ఆమ్లం వ్యాధికి మేత అయినప్పుడు ఆ మేత అందకుండా చేస్తే ఏమవుతుందన్న ఆలోచన ఫార్బర్‌కు కలిగింది. పెర్ల్ రివర్‌లో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుతగిలే పదార్థాలను తయారు చేసి పంపింది. తాళంలో దూరుతుంది గాని తిరగని తాళంచెవి వంటివి అవి. అసలు తాళంచెవికి చోటు లేకుండా చేస్తాయి. వాటిలో అమినాప్టెరిన్ ముఖ్యమైనది. డోరిస్ సీగర్ మొదలైన రసాయన శాస్త్రజ్ఞులు దానిని రూపొందించారు.

1947 డిసెంబరు చివరిలో అమినాప్టెరిన్ మొదటిసారిగా ఒక లుకేమియా బాలునికి ఇవ్వబడింది. 1948 జూన్ 3వ తేదీన ఫార్బర్ బృందం ఫలితాలను ప్రకటించింది. తీవ్ర లుకేమియాతో ఉన్న పదహారు మంది పిల్లలలో పది మందికి గుణం కనబడింది. మంచాన పడిన పిల్లలు లేచి ఆడుకొన్నారు. ఆ ఉపశమనం తాత్కాలికమే. వ్యాధి మళ్లీ తిరగబెట్టింది. అయినా లుకేమియా మందుకు లొంగుతుందని లోకానికి తొలిసారిగా రుజువైంది. అమినాప్టెరిన్‌కు సోదర పదార్థమే మెథోట్రెక్సేట్. దానికంటె సురక్షితమైనది కావడం వల్ల త్వరలోనే దాని స్థానాన్ని ఆక్రమించింది.

ఈ విధంగా ఒకే పదార్థాన్ని ఇచ్చి గ్రహణిని, దానినే అందకుండా ఆపి లుకేమియాను ఎదుర్కొనే మార్గం ఒక్క పరిశోధనాలయం నుండి వెలువడింది. అదే కాలంలో అక్కడి నుండి బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజైన్ అనే మందు వచ్చింది. గోదావరి, కృష్ణా డెల్టాలలో బోదకాలు ఎంతటి పీడయో ఆ ప్రాంతీయులకు చెప్పనక్కరలేదు. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడే మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను సాధించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందులలో అది మొట్టమొదటిది.

మెథోట్రెక్సేట్ జైత్రయాత్రను చూసే భాగ్యం సుబ్బారావుకు కలగలేదు. ఫార్బర్ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. అమెరికాలో పాతికేళ్లకు పైగా నివసించినా ఆయన ఆ దేశపు పౌరసత్వం తీసుకొనలేదు.

మూలం వెదికిన తరువాతి తరం

సుబ్బారావు కాలంలో లుకేమియాకు కారణం ఎవరికీ తెలియదు. ఆయన మందు వ్యాధి కొమ్మలను నరికింది. వేరు ఎక్కడున్నదో వెదికే పని తరువాతి తరానికి మిగిలింది. 1911లోనే పేటన్ రౌస్ అనే శాస్త్రజ్ఞుడు కోళ్లలో ఒక కణితి వైరస్ వల్ల వ్యాపిస్తున్నదని చూపినా, మానవులకు అది వర్తిస్తుందని చాలామంది నమ్మలేదు. 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా ఒక అద్భుతాన్ని కనుగొన్నారు. కొన్ని వైరస్‌ల జన్యు పదార్థం డి.ఎన్.ఎ. కాదు, ఆర్.ఎన్.ఎ. అవి కణంలో ప్రవేశించాక రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము సహాయంతో తమ ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా తిరగరాసుకొంటాయి. ఈ తలక్రిందుల రాత వల్లనే వాటికి రెట్రోవైరస్‌లన్న పేరు వచ్చింది.

1977లో జపాను వైద్యులు, ముఖ్యంగా తకత్సుకి బృందం, పెద్దవారిలో వచ్చే ఒక విలక్షణమైన లుకేమియాను వర్ణించారు. రోగులలో ఎక్కువమంది దేశపు నైరుతి భాగానికి చెందినవారు. రోగానికి గురైనవి టి కణాలు, అనగా శరీర రక్షణ వ్యవస్థకు దళనాయకుల వంటి తెల్ల రక్తకణాలు. 1980లో అమెరికాలో రాబర్ట్ గాలో పరిశోధనాలయం ఇటువంటి రోగి కణాల నుండి హెచ్.టి.ఎల్.వి.-1 అనే వైరస్‌ను వేరు చేసినట్లు ప్రకటించింది. మానవులలో మొదటిసారి కనుగొన్న రెట్రోవైరస్ అది. మరుసటి ఏడాది జపానులో హినుమా బృందం ఈ వైరస్‌కు, ఆ లుకేమియాకు గల సంబంధాన్ని చూపింది.

ఈ వైరస్ ఒక టి కణం నుండి దానికి తగిలి ఉన్న మరో టి కణంలోకి నేరుగా ప్రవేశిస్తుంది. డి.ఎన్.ఎ.గా మారిన తన జన్యువులను ఆ కణపు జన్యు సంపుటిలో అతికించివేస్తుంది. అటుపై ఆ కణం చీలినప్పుడల్లా వైరస్ జన్యువులు కూడా పిల్ల కణాలకు వారసత్వంగా సంక్రమిస్తాయి. వైరస్ తయారు చేయించే టాక్స్ అనే ప్రొటీను కణాన్ని చీలమని పురికొల్పుతుంది. తప్పులను సరిదిద్దే కాపలాను సడలిస్తుంది. అలా చీలుతూ చీలుతూ దశాబ్దాల కాలంలో జన్యువులలో పొరపాట్లు పేరుకొంటాయి. చివరకు ఏదో ఒక కణపు సంతతి పూర్తిగా అదుపు తప్పి లుకేమియాగా మారవచ్చు. అందుకు చాలాకాలం పడుతుంది. వైరస్ సోకిన నూరుగురిలో సుమారు అయిదుగురికి మించి ఈ లుకేమియా రాదు. ఎయిడ్స్‌ను కలిగించే హెచ్.ఐ.వి. కూడా టి కణాలనే పట్టే రెట్రోవైరస్. కాని అది వాటిని నశింపజేస్తుంది, ఇది వాటిని పెరిగేట్లు చేస్తుంది.

తల్లిదండ్రులు ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. ఈ వైరస్ తల్లిపాల ద్వారా, రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా సంక్రమించేది. పిల్లలలో సాధారణంగా వచ్చే లుకేమియాకు ఈ వైరస్ కారణం కాదు. అది అంటువ్యాధి కాదు. లుకేమియా సోకిన పిల్లవాని పక్కన కూర్చున్నా, కలిసి భోజనం చేసినా, ఆడుకొన్నా వ్యాధి రాదు. చికిత్స ముగించుకొని బడికి తిరిగి వచ్చిన బిడ్డను తోటివారు దూరం పెట్టడం కంటె క్రూరమైన పని లేదు.

కారణం ఏదైనా, క్యాన్సర్ కణం చీలాలంటే డి.ఎన్.ఎ. నకలు కావాలి, నకలుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. కనుకనే సుబ్బారావు వేసిన దారి కారణాల అన్వేషణతో నిమిత్తం లేకుండా నిలిచింది. పెద్దలలో వైరస్ వల్ల వచ్చే టి కణ లుకేమియా ఈనాటికీ మొండిదే. దానిని లొంగదీసే యత్నం సాగుతూనే ఉన్నది. పిల్లలలో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా విషయంలో మాత్రం, మెథోట్రెక్సేట్‌ను ఇతర మందులతో జతపరచి ఇవ్వడం వల్ల సంపన్న దేశాలలో నూటికి తొంభై మంది వరకు బతికి బట్టకడుతున్నారు. వ్యాధి మెదడుకు పాకకుండా వెన్ను ద్రవంలోకి ఇచ్చే మందూ అదే. 1956లో గర్భాశయానికి సంబంధించిన ఒక క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసిందీ, కీళ్లవాత రోగులకు ఉపశమనం ఇస్తున్నదీ అదే.

స్మృతి

ఫోలిక్ ఆమ్లం కథ బెంగళూరుకు కూడా కొత్తది కాదు. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో జీవరసాయన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లంతో కలిసి పనిచేసే ఒక ఎంజైముపై దశాబ్దాల పాటు పరిశోధనలు చేశారు. ఇక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో ఆయన మందు నిత్యం ఉపయోగపడుతున్నది. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసినది పరీక్ష తప్పడం గొప్ప అని కాదు. తప్పిన పరీక్షను మూడవసారి రాయడానికి కావలసిన పట్టుదలే, హార్వర్డులో పదవి దక్కనప్పుడు, ఇచ్చిన మందు ఎదురుతిరిగినప్పుడు ఆయనకు అక్కరకు వచ్చింది. ఉపాధ్యాయులు గమనించవలసినది వెనుక బల్ల మీద కూర్చున్న బాలుని గురించి. తల్లిదండ్రులు తలచుకొనవలసినది నగలు అమ్మి మళ్లీ బడికి పంపిన వెంకమ్మను గురించి. ఫలితాల నాడు పెరటి గుమ్మం నుండి ఇంట్లోకి వచ్చే బిడ్డకు అన్నం పెట్టి, వచ్చే ఏడు మళ్లీ రాయమని చెప్పే ఇల్లు ప్రతి విద్యార్థికీ లభించుగాక.